దించుడు

పత్తిమనిషిని నేను పుట్టిచ్చింది
ఎనుమాముల మార్కెట్ గేటు పక్కన,
నా సైన్‌బోర్డుల దుకాణంల,
పాత రేట్ల పట్టిక వెనుక దిక్కు.
పెన్సిలు నాది. నడుము ఓదెలుది.

ఓదెలు హమాలి.
లారీ నింపి వచ్చి నా స్టూలు మీద కూలవడేటోడు.
వాడు బీడీ ముట్టిచ్చుకునే లోపట
నేను వాని భుజం గీసుకునేది.
కథల వానికొక వరమిచ్చిన:
ఏది ఎత్తినా దూది లెక్క తేలికైతది.
ఒక మెలిక పెట్టిన:
ఆ బరువంత రాత్రి వచ్చి
వాని ఈపుల పండుతది.

పిల్లల పత్రికల పదకొండు నెలలు నడిచింది.
లారీ ఎత్తిండు. కూలిన షెడ్డు ఎత్తిండు.
మల్లవ్వ మిత్తి కాయితం మాత్రం
రెండు చేతులతోటి పట్టినా లేవలే.

సినిమావాళ్లు వచ్చిండ్రు,
మిర్చి ఘాటుకు దగ్గుకుంట కారు దిగిండ్రు.
డైరెక్టరు మంచోడే.
మా చాయ్ తాగిండు, పేజీలు మెల్లగ తిప్పిండు,
"చిన్న చిన్న మార్పులన్నా" అన్నడు.

ముందుగాల తువ్వాల పోయింది,
దాని జాగల నీలం రంగు కేపు.
తర్వాత బట్టతల.
ఈపు నొప్పి పోయింది,
హీరో మూలిగితే విజిలెవడేస్తడని.
హమాలి పోయి సైంటిస్టు వచ్చిండు.
మిత్తి కాయితం జాగల
మూడంతస్తుల ఇనుప రాకాసి.
షటర్ కిరాయి ఎనిమిది నెలలది బాకీ ఉండె.
సంతకం పెట్టిన.

ఒక్కటే అడిగిన:
గడికీ గడికీ నడుమ తెల్లసందు ఉంటది గదా,
దాన్ని ఏం జేస్తరు?
ఈ గడిల బస్తా నేల మీద,
ఆ గడిల నెత్తి మీద.
నడుమ ఎత్తింది నేను గాదు,
పత్తిమనిషి గాదు,
పత్రిక పట్టుకొని ఊపిరి బిగవట్టిన
మూడో తరగతి పోరడు.
ఆయన నవ్విండు.
"సినిమాల సందు ఉండదన్నా,
అన్నీ మేమే చూపిస్తం."

చూపిచ్చిండ్రు.
హన్మకొండల మొదటి ఆట.
ఇస్త్రీ అంగీ ఏసుకొని ఓదెలు నా పక్క సీట్ల.
కాజీపేట జంక్షన్ల రైలింజను ఎత్తి
ఆకాశంలకు ఇసిరిండు హీరో.
కాయితాలు ఎగిరినై.
అబద్ధమెందుకు, నేను సుత చప్పట్లు కొట్టిన.
ఓదెలు మోకాళ్ల మీది చేతులు తియ్యలే.

బయట, పల్లీల పొట్లం ఇప్పుకుంట అడిగిండు:
"ఎత్తుతుండు, ఇసురుతుండు.
వాడు ఎక్కడ దించుతలేడేందే?
ఎత్తుడు ఎవడన్న ఎత్తుతడు.
దించుడు తెల్వకనే గదా
నడుములు ఇరిగేది."

ఆ రాత్రి ట్రంకుపెట్టె తెరిచి
పదకొండు సంచికలూ కింద పరిచిన.
గడి గడి ఏలు పెట్టి ఎతికిన.
ఎత్తిన గడులున్నయి, మోసిన గడులున్నయి.
దించిన గడి ఒక్కటి లేదు.
తెల్లసందుల ఇడిసిపెట్టిన నేను సుత.

ఆ మూడో తరగతి పోరడు
ఇప్పుడు ఎక్కడున్నడో.
దించిండో,
ఇంక మోస్తనే ఉన్నడో.