రెండు వందల నలభై తొమ్మిది గ్రాములు

పాత డ్రోన్ పెట్టె
తలుపు పక్కన, బూట్ల వరసలో ఉంటుంది.
బ్యాటరీలతో కలిపి ఆరు కిలోలు.
గొళ్ళెం పోయిన చలికాలం విరిగింది,
అప్పట్నుంచీ ఉన్నిదారంతో కట్టి మోస్తున్నాను.

పొద్దున్నే దాన్ని ఎత్తినప్పుడు
మోకాలు ఒక మాట అంటుంది.
కొండ సగానికి వచ్చేసరికి
అదే మాట పదిసార్లు అంటుంది.
నాకు యాభై తొమ్మిది, దానికి ఎనిమిది.
ఇద్దరిలో ఎవరు ముసలివాళ్ళో
ముసురు పట్టిన రోజున చెప్పడం కష్టం.
నాలుగు బ్యాటరీల్లో రెండు బూరెల్లా ఉబ్బాయి.
ఆ రకానివి ఇంక తయారు చెయ్యడం లేదట.

కొత్తది కాళ్ళు దగ్గరకు లాక్కున్న సాలీడులా
అరచేతిలో ముడుచుకుంటుందట.
తోర్స్‌హావ్న్ కొట్టు నుంచి హేర్గైర్ ఫోన్లో చెప్పాడు:
"రెండు వందల నలభై తొమ్మిది గ్రాములు, రాన్వా!
జేబులో వేసుకుని మరిచిపోవచ్చు."

మరిచిపోవడానికి ఎవరైనా
ఆరు వేల క్రోనర్లు పోస్తారా?
ఆరు వేలంటే నాలుగు గొర్రెపిల్లలు.
వాటి తల్లులు నా మొహం చూసి గుర్తుపడతాయి.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు.
పాతది నాకు రోత కాదు.
దాని ఎడమ చేతి మీద గాటు
స్కువా పక్షి ముక్కుది.
గుడ్ల జోలికి వచ్చిందనుకుంది పాపం.
ఒక అక్టోబరులో, పొగమంచు విడీ విడని వేళ
సముద్రం మీదికి వంగిన రాతి అంచున
గడ్డి అయిపోయిన చోట నిలబడ్డ పొట్టేలుని
మూడు బ్యాటరీలు తినేసి మరీ చూపించింది.
తాడు కట్టుకుని దిగినవాడు మా మరిది బార్దుర్.
పొట్టేలు కృతజ్ఞత చూపలేదు, తన్నింది.

పడమటి గాలి ఈడ్చి కొడుతుంటే
పాతది కాడెద్దులా కాళ్ళు దన్ని నిలబడుతుంది.
కొత్తదాని కాగితంలో రాశారు,
సెకనుకు పది మీటర్ల గాలి దాకా ఓర్చుకుంటుందని.
సూదురోయ్‌లో దాన్ని గాలి అనరు.
గాలి నిట్టూర్పు అంటాం.
వాతావరణం చెప్పేవాళ్ళు దాని ఊసే ఎత్తరు.

నిన్న వంటింటి త్రాసు మీద
బంగాళాదుంపలు తూచాను.
ఒకటి పెద్దది, ఒకటి చిన్నది,
చిన్నదాని చెక్కు కాస్త గీరితే
సరిగ్గా రెండు వందల నలభై తొమ్మిది.
కోటు జేబులో వేసుకుని
పెట్టె లేకుండా కొండెక్కాను.

చేతులు రెండూ ఖాళీ.
వాటినేం చెయ్యాలో తెలియక
ఒకసారి వెనక కట్టుకున్నాను,
ఒకసారి ఊపుకుంటూ నడిచాను,
పెళ్ళింట పని చెప్పని చుట్టంలా.

డెబ్బై ఒకటి లెక్కకొచ్చాయి.
ఉండాల్సింది డెబ్బై మూడు.
బంగాళాదుంపలు ఎగరవు కదా,
మిగతా రెండింటినీ కళ్ళతోనే వెతికాను.
వాగు అవతల ఒకటి దొరికింది.
రెండోది తెల్లారాక తనే వచ్చింది.
ఎక్కడికెళ్ళావే అంటే చెప్పదు.

ఇంటికొచ్చి, కోటు తగిలించి,
టీ కాచుకుని, పడుకుని,
పొద్దున అగ్గిపెట్టె కోసం జేబులో చెయ్యి పెడితే
చల్లగా, గుండ్రంగా తగిలాయి.

హేర్గైర్ చెప్పింది నిజమే.
మోకాలు కూడా ఏమీ అనలేదు.
అప్పుడు భయం వేసింది.
నేనే మరిచిపోయేంత తేలికైనదాన్ని
గాలి మాత్రం ఎందుకు గుర్తుపెట్టుకుని
తిరిగి తెచ్చి ఇస్తుంది?

దుంపలు ఉడికించి, వెన్న వేసుకుని తిన్నాను.
తర్వాత ఫోన్ చేశాను.

"బ్యాటరీ ఒకటా, మూడా?"
"మూడు."
"పాతది ఇచ్చేస్తే ధర తగ్గిస్తాం."
తలుపు పక్కకి చూశాను.
ఉన్నిదారం ముడి వదులైంది, మళ్ళీ బిగించాలి.
"అది ఉండనీ," అన్నాను, "గాలి రోజులకి."

ఇక్కడ గాలి లేని రోజేదని
అతను అడగలేదు.
శుక్రవారం ఓడకి పంపిస్తానన్నాడు.