ఉత్తరం దిక్కు తల

షార్జా, పదమూడో నంబర్ ఇండస్ట్రియల్ ఏరియా.
బయట నలభై ఆరు.
ప్లాస్టిక్ పరదా దాటంగనే మైనస్ ఇరవై నాలుగు.
ఈ రెంటి నడుమ నేను,
బ్రెజిల్ కోళ్ళ డబ్బాలు దించుకుంట
పదకొండేండ్లు.

ఆగస్టు ఆఖర్ల ఒక రాత్రి అయిదుగురొచ్చిండ్రు
మేనేజరు వెనక, పెండ్లికొచ్చినట్టు నవ్వుకుంట.
ముందు షమ్సా. మనిషి పొట్టి, గొంతు లారీ హారను.
మారివిక్ అనే నర్సమ్మ, జాద్ అనే లెక్కల సారు,
ఖోర్ ఫక్కాన్ల చేపల పడవున్న అన్నదమ్ములిద్దరు.
ధ్రువం దాకా నడుస్తరట.
ఏం దొరుకుతదట ఆడ? అన్నడు ఎల్లేశం.
ఏం దొరకదట.
ఎల్లేశం నా దిక్కు జూసిండు.
ఏదో ఒకటి దొరుకుతదనే గదా మేం విమానమెక్కింది.

నడుముకు తాడు, తాడుకు లారీ టైర్లు
బఠానీల నడుమ, గొర్రె తొడల నడుమ
ఆరో వరుస నుంచి పన్నెండో వరుస దాకా గుంజుడే గుంజుడు.
మొదటి రాత్రే జాద్ సారు మీసాల మీద పేలాలు పూసినయి.

మూడో రాత్రి షమ్సా అడిగింది, వచ్చీరాని హిందీల:
నువ్వెట్ల ఓరుస్తవు?
ఎవరూ అడగలే అప్పటిదాక.
జవాబు నోట్లెనే గడ్డకట్టింది కొంచెంసేపు.
తర్వాత జెప్పిన.
చెమట పట్టేదాక ఉరకొద్దు, చంపేది చలి గాదు, చెమట.
తడి చేత్తో ఇనుము ముట్టొద్దు.
బూట్లల్ల వేళ్ళు ఆడిచ్చుకుంటనే ఉండాలె.
ఫోను చంకల వెట్టుకోవాలె, పిట్ట పిల్లను వెట్టుకున్నట్టు.
తియ్యగ నిద్రొస్తే
అది నిద్ర గాదు.
పెన్ను గడ్డకడితే పెన్సిల్‌తోని రాసుకున్నదామె.
నా మాట కాయితమెక్కుడు అదే మొదలు.
అంతకుముందు ఎక్కింది వేలిముద్రే.

ఏప్రిల్ల మేనేజరు ఫోన్ల ఒక ఎర్రచుక్క.
పగలంత నడిచి డేరాల పంటరట.
కింద సముద్రం గదా, మంచు పలక
నిద్రపోయినోళ్ళను నిద్రపోయినట్టే వెనక్కు మోసుకపోతదట.
తెల్లారి జూస్తే
(తెల్లారుడు గూడ లేదట ఆడ, పొద్దు గుంకితే గదా)
పోవాల్సిన దూరం నిన్నటి కన్న ఎక్కువ.
మేనేజరుకు వింత.
నాకు ఏజెంటు అప్పు యాదికొచ్చింది.
నెలంత గుంజి, ఒకటో తారీఖు కండ్లు దెరిస్తే
మిత్తి నన్ను బయలెల్లిన కాడికే ఈడ్చుకొచ్చేది.
నాలుగేండ్లు ఆ పలక మీద నడిచిన,
ఎవ్వరి ఫోన్లనూ చుక్క లేకుంట.

మే నెల. వాపసొచ్చిండ్రు.
అందలేదట.
ఇంక పదమూడు కిలోమీటర్లుండంగ మంచు పగిలి
ముంగట నల్లటి నీళ్ళు.
రెండు దినాలు అంచున కూసున్నరట, చాయ కాసుకుంట.
షమ్సా చూపుడువేలు కొస నేరేడుపండు.
స్టవ్వు ముట్టుకున్న, నీ మాట ఒక్క గడియ మర్చిన, అన్నది.
ఆమె సిగ్గుపడుతుంటే
నేనే గట్టిగ చెప్పలేదేమో అనిపించింది.

ఇంకో మాటన్నది పోయేముందు:
ఆ కొసన నిలబడితే ఎటు జూసినా దక్షిణమేనట.
ఉత్తరమనేదే మిగలదట.

ఉత్తరం దిక్కు తలవెట్టి పండొద్దు బిడ్డా
పీనుగ పంటదట్ల, అనేది మా అవ్వ.
క్యాంపు రూముల పద్నాలుగు మందిమి.
నా మంచం తల ఉత్తరం గోడకే ఆనింది, తిప్పే జాగ లేదు.
ఆమె అడిగినప్పుడల్ల ఫోన్ల అబద్ధం జెప్పిన.
ఈ రాత్రి పండుకుంటే
ఆ మిగిలిపోయిన పదమూడు కిలోమీటర్లు
గోడ అవతలనే ఉన్నట్టున్నయి.

కింది మంచంల నుంచి ఎల్లేశం:
మళ్ళ పోతరా వాళ్ళు?
పోతరట. టైర్లు పారెయ్యొద్దన్నరు.
ఏడో వరుస వెనక, చేపల డబ్బాల చాటుకు
దాచిపెట్టిన.