చుక్కతో మొదలయ్యే వరుసలు

ఫారో దీవుల దక్షిణపు కొసన, రేవు ఆఫీసులో
గురువారం సాయంత్రం
రన్‌వా నల్లటి తెర ముందు కూర్చుంటుంది.
బొమ్మల్లేవు, నొక్కడానికి బొత్తాల్లేవు.
రెప్ప కొడుతూ ఒక్క పచ్చ గీత.
ఏం కావాలో తెలిసినవాళ్లతోనే మాట్లాడే రకం.

తెల్లారేసరికి
చేపల షెడ్డు తలుపు మీద పట్టిక పడాలి:
ఏ పడవకి ఏ గుంజ, ఎవరు సారంగు,
పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు.

హానుస్ ఇరవై ఆరేళ్లు చేశాడీ పని.
చివరి రోజు కేకు తిని,
మిగిలిన ముక్క కాగితంలో చుట్టి కోటు జేబులో వేసుకుని,
ఒక్క మాట చెప్పి వెళ్లాడు:
"చుక్కతో మొదలైన వరుస ఆజ్ఞ.
మిగతాదంతా లోకం."

చుక్క, ఎస్, పి, రెండు అంటే
రెండు వరుసల ఖాళీ.
చుక్క, సి, ఇ అంటే
తరవాతి వరుస నడిమధ్యకి వచ్చి నిలబడుతుంది,
ఫోటోకి పిలిచిన పెళ్లికొడుకులా.
చుక్క, బి, ఆర్: ఇక్కడ విరిచెయ్.
చెప్పింది చేస్తుంది. చెప్పాలనుకున్నది చెయ్యదు.

మొదటి వారం రన్‌వా ఒక చుక్క మరిచిపోయింది.
రేవంతా కుడివైపుకి ఒరిగి అచ్చయింది.
పొద్దున్నే జాలర్లు మెడలు వంచి చదువుకుని
నవ్వకుండా వెళ్లిపోయారు.
ఆ దీవిలో అంతకంటే పెద్ద నవ్వు లేదు.

వాళ్ల భాషలో ఒక అక్షరం ఉంది,
మెడ మీద అడ్డగీత పడ్డది.
రాస్తారు, పలకరు.
మన అరసున్నలాగే,
నోరు వదిలేసినా చెయ్యి వదల్లేదు.
పాత ప్రింటరు దాన్ని ఎరగక
దాని చోట ప్రశ్నార్థకం కొట్టేదట.
సగం ఊరి పేర్లు ప్రశ్నలయ్యాయి.
హానుస్ ఒక చలికాలమంతా కూర్చుని
యంత్రానికి ఆ అక్షరం దిద్దించాడు.
పలకని దానికి ఇంత పట్టింపా అంటే
"లేకపోతే కన్ను తడబడుతుంది" అన్నాడట.

ఈ వారం ఒక కొత్త పడవొచ్చింది.
ఖాళీగా ఉన్నది తొమ్మిదో గుంజ ఒక్కటే.
అచ్చు పట్టికలో ఎనిమిదికీ పదికీ నడుమ
ఎప్పుడూ ఒక వరుస తెల్లగా ఉండేది,
పొరపాటనుకుంది,
తీరికలో సరిచెయ్యాలనుకుంది.

ఫైలు మొదటినుంచీ చదవడం ఇదే మొదలు.

చుక్క, వాలుగీత, జంట కొటేషను.
ఆ గుర్తు వెనక ఏం రాసినా
ప్రోగ్రాము చూసీ చూడనట్టు దాటిపోతుంది.
కాగితం దాకా రాదు.
అక్కడ, ఇరవై ఆరేళ్ల హానుస్:

మిచ్చల్ పడవకి తాడు పొట్టి, ఏడో గుంజ ఇవ్వకు.
ఈ కింది వరుస ఎందుకుందో తెలీదు. తీస్తే అంతా కూలుతుంది.
ఇవాళ మంచు, ఎవరూ రారు. అయినా అచ్చేశాను.

ఇంకా కిందికి:

టేర్నా. సారంగు అయున్. తొమ్మిదో గుంజ.

పేరు నడుమ ఆ పలకని అక్షరం, సరిగ్గా తన చోట.
దాని కింద మళ్లీ అదే గుర్తు:
తీసెయ్యమన్నారు. చోటు మాత్రం ఉంచాను.
వాళ్లమ్మ శుక్రవారాలు వచ్చి తలుపు చూస్తుంది.

తరవాత ఎన్నేళ్లకో:
ఆవిడ పోయింది. ఖాళీ తియ్యబోయాను.
వేలు మీట మీదే ఉండిపోయింది. రేపు చూద్దాం.

రేపు రన్‌వా వంతుకొచ్చింది.

లేచి కెటిల్ పెట్టింది. కిటికీలో
కొత్త పడవ ఎనిమిదో గుంజని మోచేత్తో పొడుస్తోంది.
చల్లారిన టీతో తిరిగొచ్చి
ఖాళీ ఇచ్చే చుక్కని చెరిపింది.
టేర్నా వరుస జోలికి పోలేదు.
దాని కింద, జంట కొటేషను వెనక,
తన మొదటి మాట రాసింది:
తొమ్మిది ఇచ్చేశాను. కుర్రవాడు. తాడు గట్టిదే, చూశాను.

ఎంటర్ నొక్కింది.
ప్రింటరు గొంతు సవరించుకుని
ఒక్క పేజీ తోసింది, వెచ్చగా,
అంచులు సమంగా, ఎక్కడా ఖాళీ లేకుండా.

పొద్దున తలుపు దగ్గర ఎవరూ ఏమీ అనలేదు.
ఒక ముసలాయన మాత్రం
వేలితో వరుసలు దిగుతూ దిగుతూ
తొమ్మిది దగ్గర ఆగి
టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.
గాలికేమో.