జమానతు అని కొడితే

జమానతు అని కొడితే
సున్నా ఫలితాలు.
జామీను అని కొడితే
మీ ఉద్దేశం ఇదా అని ఇంకేదో మాట చూపించింది.
ఇంగ్లీషులో ష్యూరిటీ అని కొట్టాను, ఒక అక్షరం తప్పుగా.
దిద్ది కొడితే
నలభై ఒక్క వేల తీర్పులు.

నల్లగొండ బార్ అసోసియేషన్ లైబ్రరీ, పొద్దున తొమ్మిదింపావు.
పాస్‌వర్డు మానిటరు అంచుకే అంటించి ఉంది.
చందా ఈ నెలాఖరు దాకే.

కేతావత్ పూల్యా, ముప్పై నాలుగేళ్లు,
దేవరకొండ అవతల తండా.
బోరు మోటర్ల రాగితీగ పోయిందని కేసు.
బెయిలు వచ్చి నూట పన్నెండు రోజులు,
మనిషి ఇంకా లోపలే.
ఇద్దరు నిలబడాలి, తలా ఇరవై ఐదు వేలకు,
ఇంటిపన్ను రసీదులతో.
తండాలో రసీదులున్న ఇండ్లు ఉన్నాయి,
రసీదు చేతిలో పెట్టేవాళ్లే లేరు.

మాటకు ముందొకటి వెనకొకటి కొటేషన్ గుర్తులు పెట్టాను.
ఇద్దరు కానిస్టేబుళ్ల నడుమ మనిషిలా
మాట కదలకుండా నిలబడింది.
ఆరు వేల చిల్లర.
హత్యలు వద్దన్నాను, గంజాయి వద్దన్నాను,
చెక్కు బౌన్సులూ కంపెనీ డైరెక్టర్లూ వద్దన్నాను.
మైనస్ గుర్తు ఎంత చిన్న గీత,
ఎంతమందిని ఒక్క దెబ్బకు బయటికి పంపుతుంది!
కొత్త చట్టం సెక్షన్‌తో వెతికితే పదకొండు,
పాత నంబరుతో మళ్లీ వందలు.
చట్టానికి పేరు మార్చారు గానీ
పాత మనుషులంతా పాత నంబరు కిందనే పడుకుని ఉన్నారు.

బీరువాల సందులోంచి గఫార్ సాబ్
"ఎనభై నాలుగు, రెండో వాల్యూము, ఎర్ర అట్ట,
చెదలు ముట్టలేదు, చూడు బేటీ" అన్నాడు.
ముప్పై ఏళ్లుగా ఇక్కడ వెతికిపెట్టేది ఆయన తలకాయే.
అన్నట్టే పేజీ దొరికింది.
దాన్ని తర్వాత ఎవరైనా కొట్టేశారా, నిలబెట్టారా,
పుస్తకానికి తెలియదు.
తెరకు తెలుసు, పక్కన ఆకుపచ్చ చుక్క ఉంది.
ఆ సంగతి చెబితే
అద్దాలు తుడుచుకుని ముందుకు వంగి
చుక్కను చూశాడు,
నెలవంక కనబడిందా అని చూసినట్టు.

గుమ్మం బయట చెప్పులు విడిచి ద్వాలి.
"గిండ్ల మావోని పేరున్నదా అమ్మా?"
లేదు ద్వాలీ, పైకోర్టు దాక పోయినోళ్లవే ఉంటయి.
"ఉంటె మంచిదా, లేకుంటె మంచిదా?"

నేను మౌస్ కదిపాను, ఊరికే.
తారీకులకు తిరగలేక నేరం ఒప్పుకున్నవాళ్లు,
వకీలు ఫీజుకు ఉన్న ఒక్క మేకా అమ్ముడుపోక
ఊరుకున్నవాళ్లు,
ఏ మాట కొట్టినా రారు.

పది దాటాక దొరికింది. నాలుగే పేజీలు.
వేరే రాష్ట్రం, ఎవరో మగ్గం మనిషి.
ఇవ్వలేని జామీను అడగడమంటే
బెయిలు లేదనడమేనని పద్నాలుగో పేరా.
ఆయన ఇల్లు చేరాడా,
చేరేసరికి మగ్గం ఉందా,
ఆ సంగతికి కాలమ్ లేదు.

టోనరు అడుగంటింది.
గఫార్ సాబ్ డబ్బా బయటికి తీసి
దగ్గుమందు సీసా ఊపినట్టు ఊపి పెట్టాడు.
అయినా పద్నాలుగో పేరా సగం తెల్లగానే వచ్చింది.
పోయిన అక్షరాల మీద ఇంకు పెన్నుతో దిద్దాను.

"ఏ లైనమ్మా?" అంది ద్వాలి.
వేలు పెట్టి చూపించాను.
ముద్ర వేయమన్నాననుకుందేమో,
ఎడమ బొటనవేలు అక్కడే ఒత్తిపెట్టింది.
ఆరని ఇంకు అంటుకుంది.

పదిన్నర. మా నంబరు ఇరవై మూడు.
వేలు కొంగుకు తుడుచుకోకుండా
అట్లే గాలికి పట్టుకుని
నా వెనకే కోర్టు మెట్లెక్కింది.