చూస్తే

రేవు గోడ మీద తెల్లరంగుతో హానుస్ రాసిన ముక్క:
"ఉత్తరపు గాలి వీస్తే పడవ రాదు."
ఇంతే. కింద సంతకం కూడా లేదు.

ఫారో దీవుల్లో ఆ ఊరికి ఇరవై ఒక్క గడప.
అందరూ చదివారు,
అందరూ రాయని వాక్యాన్నే చదివారు:
లేకపోతే వస్తుంది.

మంగళవారం గాలి దక్షిణం నుంచి.
పళ్ల డాక్టరు దగ్గరికెళ్లాలని సున్నివా
దవడకి ఉన్నిగుడ్డ కట్టుకుని
పొద్దున్నే వచ్చి తాళ్ల చుట్ట మీద కూర్చుంది.
పదకొండయింది. సముద్రం ఇస్త్రీ చేసినట్టుంది.
పడవ లేదు.

"ఇంజను చెడింది" అన్నాడు హానుస్, కిటికీలోంచి.
"గాలి దక్షిణమేగా!"
"ఉత్తరమైతే రాదన్నాను.
కాకపోతే వస్తుందని ఎక్కడన్నాను?"

పంటికన్నా ఆ మాటే ఎక్కువ సలిపింది.
గోడ దగ్గరికెళ్లి మళ్లీ చదివింది.
నిజమే, అనలేదు.
అక్షరాల పక్కనున్న ఖాళీలో
తనే ఒక పడవ కట్టి, తనే ఎక్కి కూర్చుంది.

(అత్తకు మీసాలొస్తే మామ, అంటాం మనం.
అది విని ఎవరూ మంగలి కోసం పరుగెత్తరు.
ఏ 'తే'ని నమ్మాలో
ఏ బడిలో నేర్చుకున్నాం?)

ఇంటికొస్తే బల్ల మీద చెల్లెలి చీటీ:
"ఆకలైతే కుండలో పులుసుంది."
ఆకలి లేదు. నోరు తెరవాలంటేనే భయం.
అయినా మూత తీసింది.
ఉంది పులుసు,
ఆమె ఆకలితో ఏ సంబంధమూ లేకుండా,
గొర్రె కొవ్వు వాసనతో, ఇంకా వెచ్చగా.

బోగి బతికున్న రోజుల్లో
వేటకి బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటూ అనేవాడు:
"ఆలస్యమైతే దీపం ఆర్పి పడుకో."
ఒక్క రాత్రీ ఆర్పలేదు.
అతనూ ఒక్కసారీ అడగలేదు,
చెప్పినట్టు ఎందుకు చెయ్యలేదని.
ఆ మాటకి అర్థం మాటలో ఉండేది కాదు.
గుమ్మం దాటేముందు
అర క్షణం ఆగే ఆ వీపులో ఉండేది.

హానుస్ వీపుని ఎవరు చూశారు?
అతను ఎప్పుడూ కిటికీ వెనకే.

బుధవారం గోడ మీద రెండో వరస,
రంగు ఇంకా కారుతూ:
"వీచకపోతే, వచ్చి చూడండి."

వాచిన దవడతో సున్నివా నిలబడి చదివింది.
ఒకసారి. ఇంకోసారి, వేలు పెట్టి.
కిటికీ మీద తట్టింది.

"చూస్తే?"

హానుస్ బల్ల కిందకి వంగి
రంగు డబ్బా కోసం వెతుక్కున్నాడు.