దడి

హైమా దాటాక తారు రోడ్డు అయిపోతుంది.
అక్కణ్ణుంచి మా నెట్‌వర్క్ చక్రాల మీద నడుస్తుంది:
పదకొండు బండ్లు, ఒక్కోదాని నెత్తిన ఒక్కో స్తంభం,
మడిచి, విప్పి, మళ్ళీ మడిచి.

బండి కదిలితే చిరునామా మారుతుంది,
చిరునామా మారితే నియమం మారాలి,
ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో, ఎవరి మాట ఎక్కడ ఆగిపోవాలో.
ఆరేళ్ళు అది నా చేతి పని.
మావైపు కురుమలు రోజుకో చేలో మంద నిలిపి
చీకటి పడేలోగా చుట్టూ దడి పాతినట్టు
నేనూ పాతేవాణ్ణి, కీబోర్డు మీద,
వేలిసందుల్లో ఇసుకతో.
ఒక్క కర్ర తప్పితే తోడేలుకి చాలు.
ఒకసారి తప్పాను. తోడేలు రాలేదు.
నిద్ర మాత్రం మళ్ళీ సరిగ్గా రాలేదు.

ఈ మార్చి నుంచి దడి తనంతట తనే నడుస్తోంది.
పై ఆఫీసులో ఒక్క వాక్యం రాస్తే చాలు,
బండి ఏ మిట్ట మీద ఆగినా
రెప్పపాటులో నియమాలు అక్కడికి చేరి నిలబడతాయి.
కార్పొరల్ సుహైల్ అల్ జునైబీ తెర చూసి
"ఇక నువ్వు పడుకో" అన్నాడు.
పడుకున్నాను. అబద్ధమెందుకు, హాయిగానే ఉంది.

నిన్న అది పాతవాటిని ఏరడం మొదలుపెట్టింది.
వాడనివి, యజమాని లేనివి, రెండోసారి రాసినవి.
తొమ్మిది వందల పన్నెండు, టీ చల్లారేలోగా.
ఒక్కదాని దగ్గర ఆగి నన్నడిగింది:
మూడు వేల మూడు వందల ఏడో నియమం.
సైన్యానిది కాని ఒక వైర్‌లెస్ సెట్టుకి
కాన్వాయ్ మాట వినే అనుమతి.
రాసింది: నేను.
కారణం: ఖాళీ.

నీళ్ళ ట్యాంకర్ తోలే బలూచీ, దుర్ మహమ్మద్.
ఆ రాత్రి దుమ్ము లేచి చాచిన చెయ్యి కనబడలేదు,
ముప్పై ఎనిమిది మందికి రెండు క్యాన్లు మిగిలాయి.
తప్పిపోయినవాడికి దారి చెప్పాలంటే
ముందు వాడికి మా మాట వినబడాలి కదా.
ఎవర్నీ అడగలేదు. తలుపు తీశాను.
తెల్లారుతుండగా ట్యాంకర్ హారన్.
తీసిన తలుపు మూయడం మరిచాననే అనుకోండి.

యంత్రం తప్పేమీ లేదు.
దడిలో కంత కంతే, మూయాల్సిందే.
కారణం గడిలో నాలుగే మాటలు ఇచ్చింది:
విన్యాసం, మరమ్మతు, పరీక్ష, పొరపాటు.
దాహం లేదు.

గడువు ఇంకా రెండు గంటలు.
బయట దుర్ మహమ్మద్ పైపు విప్పుతున్నాడు,
నీళ్ళు కారినచోట ఇసుక నల్లబడుతోంది.
"పొరపాటు" మీద వేలు పెట్టాను,
నొక్కలేదు.