ముందు విన్నవాళ్లం

మేం పదకొండుమందిమి.
లెక్క నాకు బాగా గుర్తు, టీ డబ్బులు నేనే ఇచ్చేవాణ్ణి.
ఫిషింగ్ హార్బరు వెనక, ఐసు ఫ్యాక్టరీ పక్క సందులో
చేపల ట్రేలు బోర్లించి కూర్చునేవాళ్లం
ఆదివారం సాయంత్రాలు.
గరికిన ఎల్లాజీ పాడేవాడు.
మైకు లేదు. ఒక డోలు, అతుకేసిన గిటారు,
గోడవతల ఐసు దిమ్మల్ని నమిలే మిషను.

ఆ హోరులో ముందుకి వంగి వినాలి.
వంగి వినడం అలవాటైనవాడికి
లోకమంతా నిటారుగా కూచుని
ఏమీ విననట్టే ఉంటుంది.
సోమవారం పొద్దున్న షిప్‌యార్డులో
నా చుట్టుపక్కల సీట్లవాళ్లని జాలిగా చూసేవాణ్ణి.
పాపం, వీళ్లకి ఎల్లాజీ తెలీదు.

తెలియాలని ఎంత పోరానో!
పెళ్లి భోజనాల బంతిలో, పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుతూ,
ఓసారి వినండి బాబూ అని బతిమాలాను.
మా బావమరిది చెవిలో ఇయర్‌ఫోను కుక్కాను.
"ఏటి బావా, సేపల కంపు కొడతంది పాట" అన్నాడు.
ఆర్నెల్లు వాడితో మాటల్లేవు.

ఇప్పుడు వాడి ఫోను మోగితే అదే పాట.
మళ్లీ మాటలు మానేశాను.

ఒక్క వానాకాలం దాటేసరికి
ఆటోల్లో ఎల్లాజీ,
గాజువాక బంగారం కొట్టు ప్రకటనలో ఎల్లాజీ,
మద్దిలపాలెంలో బస్సుకి నించున్న కాలేజీ పిల్లల పెదాల మీద ఎల్లాజీ.
పాత పోస్టాఫీసు దగ్గర మేం పంచాయితీ పెట్టాం.
గొంతులో ఉప్పు తగ్గింది, అన్నాడు అసిరినాయుడు.
డోలు తీసేసి ఏదో పెట్టె పెట్టాడు, అన్నాడు రహమతుల్లా.
అమ్ముడుపోయాడు, అన్నాను నేను.
అన్నాక నోట్లో టీ చల్లగా తగిలింది.
అమ్ముడుపోక ఏం చేస్తాడు?
పదేళ్లు మేమిచ్చింది టీయే.

అయినా పాట మార్చడమేమిటి? అదీ నా అసలు మంట.
"వల దాటి ఎల్లిపోనాదే వెండిచేప" కదా!
ఆ వల మీద ఎంత చెప్పేవాణ్ణి నేను,
వలంటే అప్పు, వలంటే ఇల్లు, వలంటే షిప్‌యార్డు గేటు.
ఇప్పుడు "అల దాటి" అంటున్నాడు.
నలుగురికీ నోరు తిరగాలని మెత్తన చేశాడు.

తప్పులు పట్టడానికే బీచికి వెళ్లాను కచేరీ రోజు.
ఇసక కనపడలేదు, తలలే.
మరమరాల మిక్చరు కలిపేవాడు గరిటెతో తాళం.
నా ముందు తండ్రి భుజాలెక్కిన పిల్ల, ఆరేళ్లుంటాయేమో,
తెగిన చెప్పు నా ముక్కుకి తగులుతుంటే
గొంతు చించుకుంటోంది: అల దాటి, అల దాటి.
నిటారుగా కూచుని వింటోంది. వింటూనే ఉంది.

మర్నాడు రహమతుల్లా పాత ఫోను బయటికి తీశాం.
పగిలిన అద్దం కింద పదేళ్లనాటి రికార్డింగు.
ముగ్గురం చెవులు ఆనించాం.
డోలుంది. మా దగ్గులున్నాయి.
"ఇంకో రెండు టీలు" అన్న నా కేకుంది, ఎంత స్పష్టంగానో.
ఆ మాట దగ్గరికొచ్చేసరికి
ఐసు మిషను.
మళ్లీ పెట్టాం. ఐసు మిషను.

ఎల్లాజీనే అడగొచ్చు. నంబరుంది.
మొదట్నించీ అలే మాస్టారూ, అంటే?
పదేళ్లు ముందు వరసలో కూచుని
నేను విన్నదెవరి పాట?

రాత్రి సింహాచలం బస్సులో
నాకు తెలీకుండా కూనిరాగం తీసినట్టున్నాను.
టికెట్లు కొడుతున్న కండక్టరమ్మ అందుకుంది.
నేను ఆపేశాను.
ఆవిడ ఆపలేదు,
చిల్లర లెక్కపెట్టుకుంటూ ఎన్ఏడీ దాకా పాడుతూనే ఉంది.
ఇంజను హోరుకి సగం మాటలు అందలేదు.

ఎవరూ చూడ్డం లేదని చూసుకుని
కొంచెం
ముందుకి వంగాను.